థెరపీయా, సొంత నిబ్బరమా? ప్రశ్నలోనే ఉన్న మెలిక

ఒకామెను ఊహించుకుందాం. ఆమె ఆఫీసు ఏడో అంతస్తులో ఉంది. రోజూ మెట్లెక్కే వెళ్తుంది. ఎవరైనా అడిగితే “ఒంటికి మంచిది కదా” అని నవ్వేస్తుంది. అసలు సంగతి వేరు. ఏడాది కిందట లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. ఆమెకు గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, అరచేతులు చెమటతో తడిసిపోయాయి. ప్రాణం పోతోందనే అనుకుంది. పది నిమిషాల్లో లిఫ్టు మళ్ళీ కదిలింది. ఆమె మాత్రం మర్నాటి నుంచి లిఫ్టు ఎక్కడం మానేసింది. ఉద్యోగం బాగానే చేసుకుంటోంది, ఎవరి సాయమూ అడగలేదు. మరి ఈమె తన సమస్యను తానే పరిష్కరించుకున్నట్టా, కానట్టా?

మానసిక ఆరోగ్యం గురించి మాట వస్తే చాలు, ఇప్పుడు రెండు గొంతులు గట్టిగా వినిపిస్తున్నాయి. “థెరపీ అందరికీ అవసరమే, వద్దనేవాళ్ళు తమను తాము మోసం చేసుకుంటున్నారు” అనేది ఒకటి. “థెరపీ లేదు గీరపీ లేదు, ముందు తరాలవాళ్ళు ఇవేవీ లేకుండానే బతికారు, మనసు గట్టి చేసుకుంటే చాలు” అనేది రెండోది. రెండు వైపులా సొంత అనుభవంతో మాట్లాడేవాళ్ళున్నారు కాబట్టి వాదన తెగదు. తెగకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. “థెరపీ” అన్న మాటకూ “సొంతంగా” అన్న మాటకూ ఎవరికి వారు తమకు తోచిన అర్థం పెట్టుకుని మాట్లాడుతున్నారు.

## థెరపీ గదిలో జరిగేదేమిటి

ముందు మనుషుల తేడా. సైకియాట్రిస్టు అంటే వైద్యం చదివి, మానసిక వైద్యంలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు చదివింది మనస్తత్వ శాస్త్రం. సమస్యను అంచనా కట్టి, మాటలతో, సాధనలతో చికిత్స చేస్తారు. కౌన్సెలర్లు ఎక్కువగా ఫలానా చిక్కు చుట్టూ పనిచేస్తారు: దాంపత్యం, చదువు, వ్యసనం, ఆప్తుల మరణం. ఇక్కడ మనం థెరపీ అంటున్నది మాటలతో, సాధనలతో చేసే చికిత్సను.

సలహా చెప్పడం థెరపీ కాదు. సలహాలకు లోటేముంది, అడగకుండానే వస్తాయి. థెరపీలో జరిగేది ఎలా ఉంటుందో ఒక మామూలు రోజును తీసుకుని చూద్దాం.

ఒకతని మేనేజరు ఉదయం పలకరించకుండా పక్క నుంచి వెళ్ళిపోయాడు. “నా పని నచ్చలేదు, ఉద్యోగం పోతుంది” అని ఇతనికి వెంటనే అనిపించింది. ఇక రోజంతా టెన్షన్. మేనేజరు కంట పడకుండా తిరిగాడు, మీటింగులో నోరు విప్పలేదు. సెషన్‌లో ఆ రోజును ముక్కలుగా విడదీస్తారు. జరిగిందేమిటి? వచ్చిన ఆలోచన ఏమిటి? ఆ ఆలోచన మీద నమ్మకం నూటికి ఎంత? దాన్ని బలపరిచేవి ఏమున్నాయి, కాదనేవి ఏమున్నాయి? నూటికి తొంభై అనుకున్న నమ్మకం కాగితం మీద పెట్టేసరికి యాభైకి దిగొచ్చు, దిగకపోనూ వచ్చు. ఆ తర్వాత ఒక చిన్న ప్రయోగం: రేపు తానే వెళ్ళి పలకరించి, ఏం జరిగిందో రాసుకుని రావాలి. ఆలోచన తప్పని థెరపిస్టు అనరు. తప్పో ఒప్పో తేల్చుకునే పద్ధతి అతని చేతికిస్తారు.

ఇది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ. అమెరికాలో 1950లలో ఆల్బర్ట్ ఎల్లిస్, 1960లలో ఆరన్ బెక్ వేసిన దారి. వేరే దారులూ ఉన్నాయి. చిన్ననాటి బంధాల నుంచి నేటి బంధాల దాకా పదే పదే వచ్చే ధోరణిని వెతికేది ఒకటి, తీర్పు చెప్పకుండా వినడమే ప్రధానమని కార్ల్ రోజర్స్ చూపినది ఇంకొకటి.

ఒక చిన్న లెక్క వేస్తే ఈ వాదన సగం పలచబడుతుంది. సెషన్ సాధారణంగా వారానికి ఒకటి, సుమారు 50 నిమిషాలు. వారానికి 168 గంటలు. మిగతా 167 గంటలూ ఆ మనిషి తన మనసుతో తానే ఉంటాడు. మేనేజరును పలకరించాల్సింది అతనే, అప్పుడు పక్కన ఎవరూ ఉండరు. ఇంకో విశేషం. మనల్ని కలవరపెట్టేది జరిగిన సంఘటన కాదు, దాని గురించి మనం చేసుకున్న తీర్మానం అని ఎపిక్టెటస్ చెప్పి దాదాపు 1900 ఏళ్ళయింది. బానిసగా పుట్టి, ఎవరి మీదా ఆధారపడకుండా మనసును నిలుపుకోవడం నేర్పిన స్టోయిక్ తాత్వికుడాయన. ఎల్లిస్, బెక్ ఇద్దరూ తమ పద్ధతికి మూలాలు ఆ స్టోయిక్కుల దగ్గరున్నాయని ఒప్పుకున్నవాళ్ళే. అంటే ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న థెరపీ, స్వావలంబనకు మనవరాలి వరస.

## “సొంతంగా” అన్న ఒక్క మాటలో నాలుగు పనులు

“నేను సొంతంగానే బయటపడ్డాను” అన్నవాళ్ళను కాస్త ఆపి, అసలు ఏం చేశారో అడిగితే జవాబులు ఒక్క తీరుగా ఉండవు.

కొందరు అణచుకున్నారు. బాధను లోపల తొక్కిపెట్టి పనిలో పడిపోయారు. కొందరు తప్పించుకున్నారు. బాధ పుట్టే చోటికి వెళ్ళడమే మానేశారు, మన లిఫ్టు ఆమెలాగా. కొందరు ఓపిక పట్టారు. కాలం గడిచేకొద్దీ గాయం మానింది. ఇంకొందరు పనిగట్టుకుని సాధన చేశారు. నిద్ర వేళలు సరిచేసుకున్నారు, నడక మొదలుపెట్టారు, భయపడే పనిని కొద్దికొద్దిగా చేస్తూ పోయారు, నమ్మకమున్న మనిషితో మాట్లాడారు. బయటి నుంచి చూస్తే నలుగురూ ఒకేలా కనిపిస్తారు. నలుగురూ సాయం అడగనివాళ్ళే. లోపల మాత్రం ఒకరి పనికీ ఇంకొకరి పనికీ పొంతన లేదు. మూడో, నాలుగో రకంవాళ్ళను చూసి ఒకరు స్వావలంబనను మెచ్చుకుంటారు. మొదటి, రెండో రకంవాళ్ళను చూసి ఇంకొకరు దాన్ని తిడతారు.

మనస్తత్వ శాస్త్రంలో ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ చేసిన ఒక విభజన ఇక్కడ పనికొస్తుంది. నా నిర్ణయాలు నావి అన్న భావన వేరు, ఎవరి మీదా ఆధారపడకపోవడం వేరు అంటారు వాళ్ళు. మనిషి మనసుకు మొదటిది ప్రాథమిక అవసరం. రెండోది కాదు. కావాలని, తెలిసి, ఇష్టపడి సాయం తీసుకున్న మనిషి తన మీద అధికారాన్ని ఏమీ పోగొట్టుకోడు. సిగ్గుతో, భయంతో సాయాన్ని నెట్టేసిన మనిషికి ఆ అధికారం ఉందనీ చెప్పలేం.

బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లో ఇంకో చిత్రమైన మాట అన్నాడు. ఒంటరిగా నిబ్బరంగా ఉండగలగడం అనేది పసితనంలో తల్లి పక్కనుండగా తన మానాన తాను ఆడుకోవడంతో మొదలవుతుందట. నిబ్బరానికి విత్తనం తోడులోనే పడుతుందన్నమాట.

## మూడింట రెండు వంతులు: పాత లెక్క, దాని తిరకాసు

థెరపీ పనిచేస్తుందా అన్న ప్రశ్నను అంకెలతో నిలదీసినవాడు హాన్స్ ఐసెంక్. లండన్‌లో పనిచేసిన ఈ మనస్తత్వవేత్త 1952లో ఒక వ్యాసం రాశాడు. థెరపీ తీసుకోకపోయినా మానసిక ఇబ్బందులున్నవాళ్ళలో దాదాపు మూడింట రెండు వంతుల మంది రెండేళ్ళలో కోలుకుంటున్నారు, థెరపీ అంతకంటే ఎక్కువ చేస్తోందనడానికి రుజువు లేదు అన్నాడు. పెద్ద దుమారమే లేచింది. థెరపీ వద్దనేవాళ్ళు నేటికీ, తెలిసో తెలియకో, ఆయన వాదననే వినిపిస్తారు.

తిరకాసు ఏమిటంటే, ఆయన “థెరపీ లేనివాళ్ళు” అని లెక్కపెట్టినవాళ్ళలో ఒక గుంపు మానసిక ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు. ఇంకో గుంపు బీమా సొమ్ము కోసం దరఖాస్తు చేసుకుని, మామూలు డాక్టర్ల దగ్గర వైద్యం, ఊరడింపు పొందినవాళ్ళు. పేరుకు థెరపీ లేదు, కానీ వినేవాళ్ళు, చూసుకునేవాళ్ళు ఉన్నారు. అలాగని ఐసెంక్ ప్రశ్న తప్పు కాదు. చాలా బాధలు వాటంతటవే తగ్గుతాయన్నది నిజమే. థెరపీ గొప్పదనం చెప్పాలంటే దాన్ని ఉత్తినే తగ్గేదానితో పోల్చి చూపాలన్న పట్టుదల ఆయన నుంచే బలపడింది.

1977లో మేరీ స్మిత్, జీన్ గ్లాస్ అలాంటి 375 అధ్యయనాలను ఒక్కచోట చేర్చి లెక్కగట్టారు. థెరపీ తీసుకున్న సగటు మనిషి, తీసుకోనివాళ్ళలో 75 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నాడని తేలింది. దీన్ని చాలామంది “75 శాతం మందికి నయమైంది” అని చదువుతారు. అది పొరపాటు. థెరపీ తీసుకోని నూరు మందిని, బాగా కుంగినవాళ్ళతో మొదలుపెట్టి వరసగా నిలబెడితే, తీసుకున్న సగటు మనిషి మధ్యలో యాభయ్యో చోట కాకుండా డెబ్భై అయిదో చోటికి వెళ్ళి నిలబడతాడు. అంతే.

డిప్రెషన్ మీద ఇటీవలి లెక్కలు ఇంకా సూటిగా ఉన్నాయి. డచ్ పరిశోధకుడు పిమ్ కైపర్స్ బృందం 2021లో చెప్పిన ప్రకారం, థెరపీ తీసుకున్నవాళ్ళలో 41 శాతం మందికి సుమారు రెండు నెలల్లో లక్షణాలు సగానికి పైగా తగ్గాయి. మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో అలా తగ్గింది 17 శాతం మందికి. నూరు మందితో చెప్పుకుంటే: 17 మంది ఎలాగూ తేరుకునేవాళ్ళే, థెరపీ వల్ల అదనంగా తేరుకున్నవాళ్ళు 24 మంది, మిగిలిన 59 మందికి ఆ రెండు నెలల్లో ఆ మాత్రం తగ్గలేదు. నాకైతే ఈ మూడు అంకెలూ పక్కపక్కనే చూడటం ముఖ్యమనిపిస్తుంది. పదిహేడును పట్టుకుని థెరపీ దండగ అనొచ్చు, ఇరవై నాలుగును పట్టుకుని అద్భుతం అనొచ్చు. ఆ యాభై తొమ్మిది గురించి మాత్రం రెండు వైపులవాళ్ళూ పెద్దగా మాట్లాడరు. అయితే రెండు నెలలు అంటే కథ ముగిసినట్టు కాదు. సుమారు 8 సెషన్లకు సగం మంది, 26 సెషన్లకు ముప్పావు వంతు మంది మెరుగుపడ్డారని 1986లో కెన్నెత్ హోవర్డ్ బృందం చూపించింది.

## సొంత సాధన గట్టిగా నిలిచే చోట్లు

నిద్రలేమి వీటిలో మొదటిది. నిద్ర పట్టనివాళ్ళు మంచం మీద గంటల తరబడి దొర్లుతారు. కొన్నాళ్ళకు మంచం అంటేనే మెలకువ అని ఒంటికి అలవాటైపోతుంది. రిచర్డ్ బూట్జిన్ 1972లో దీనికి విరుగుడు పద్ధతి చెప్పాడు: నిద్ర వస్తేనే పడుకోవాలి, కాసేపటికి పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్ళాలి, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. ఇలాంటి సాధనలన్నీ కలిపిన నిద్ర సీబీటీని దీర్ఘకాలపు నిద్రలేమికి మందుల కంటే ముందు వాడాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది. ఇది యాప్‌ల ద్వారా, మనిషి లేకుండా కూడా చాలామందికి పనిచేస్తోంది. నేనూ ఒకప్పుడు ఇది సొంతంగానే చేశాను. మొదటి మూడు రాత్రులు ముందటి కంటే ఘోరంగా గడిచాయి, ఎవడు చెప్పాడురా ఇది అనిపించింది. రెండో వారానికి దారికొచ్చింది.

రాసుకోవడం ఇంకొకటి. జేమ్స్ పెన్నెబేకర్ 1986లో విద్యార్థులతో వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను బాగా కలచివేసిన సంఘటన గురించి రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళకు ఇంకా దిగులేసింది. తర్వాతి నెలల్లో మాత్రం వాళ్ళు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళడం తగ్గింది. ఆ తర్వాతి అధ్యయనాల్లో ఈ ప్రభావం చిన్నదేనని తేలింది. చిన్నదైనా ఖర్చు లేనిది.

వ్యాయామం సంగతిలో ఒక మెలిక ఉంది. జేమ్స్ బ్లూమెంథాల్ బృందం 1999లో డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్దవయసువాళ్ళను మూడు గుంపులు చేసింది: వ్యాయామం, మందు, రెండూ. 16 వారాల తర్వాత మూడు గుంపులూ దాదాపు సమానంగా తేరుకున్నాయి. వింటే సొంత సాధనకు పెద్ద గెలుపే. కాకపోతే ఆ వ్యాయామం ఒకరి పర్యవేక్షణలో, నలుగురితో కలిసి, వేళ ప్రకారం చేసింది. కుంగిన మనిషిని పొద్దున లేపి షూ తొడిగించేది ఒక్కోసారి “అక్కడ నా కోసం చూస్తుంటారు” అన్న ఆలోచనే.

మెలిక అంటే అదే. పుస్తకమో ఆన్‌లైన్ కోర్సో చేతికిచ్చి వదిలేస్తే చాలామంది మూడో అధ్యాయం దాటరు. బ్రిటన్‌లో డాక్టర్ల దగ్గరికి వచ్చిన డిప్రెషన్ రోగులకు కంప్యూటర్ సీబీటీ ఇచ్చి చూసిన ఒక పెద్ద పరీక్ష ఫలితం 2015లో వచ్చింది. మామూలు వైద్యం కంటే అదనంగా ఒరిగిందేమీ కనిపించలేదు, అసలు దాన్ని పూర్తిగా వాడినవాళ్ళే తక్కువ. అదే పాఠానికి వారానికోసారి “ఎంతవరకు వచ్చారు, ఎక్కడ ఆగారు” అని అడిగే మనిషి తోడైతే సంగతి మారిపోతుంది. ఇలా తోడుతో చేసే స్వయం సహాయాన్ని నేరుగా ఎదురెదురుగా చేసే థెరపీతో పోల్చిన 21 అధ్యయనాలను 2010లో పరిశీలిస్తే, డిప్రెషన్, యాంగ్జైటీల్లో రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందుకే ఇంగ్లండ్ వైద్య మార్గదర్శకాల్లో తేలికపాటి డిప్రెషన్‌కు ముందుగా ఆలోచించమనేది ఈ తోడుతో కూడిన స్వయం సహాయాన్నే.

## పనిముట్లే పాడైనప్పుడు

సొంత సాధనకు కొన్ని పనిముట్లు కావాలి: కాస్త ఉత్సాహం, కాస్త ఏకాగ్రత, రేపు బాగుంటుందన్న ఆశ, తన గురించి సరిగ్గా అంచనా వేసుకునే బుద్ధి. డిప్రెషన్ ఏం చేస్తుందో చూడండి. దాని లక్షణాల జాబితాలో ఉన్నవే ఇవి: ఉత్సాహం పోతుంది, ఏకాగ్రత కుదరదు, ఆశ అడుగంటుతుంది, తాను పనికిరానన్న అంచనా స్థిరపడుతుంది. రెండు వారాలకు పైగా, రోజులో ఎక్కువ భాగం ఇలాగే ఉంటే డాక్టర్లు దాన్ని మామూలు దిగులుగా లెక్కించరు. “మనసు గట్టి చేసుకో” అన్న మాట ఇక్కడెందుకు పనిచేయదంటే, గట్టి చేసుకోవాల్సిన మనసుకే జబ్బు చేసింది. కాలు విరిగినవాడితో నడిచి ఆసుపత్రికి రమ్మన్నట్టుంటుంది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ఆలోచించుకుంటున్నామనుకుంటూ ఒకే చోట తిరుగుతూ ఉండటం. సూసన్ నోలెన్-హెక్సెమా తన పరిశోధన జీవితంలో చాలా భాగం దీని మీదే గడిపారు. “నాకే ఎందుకిలా? నేనెందుకిలా ఉన్నాను? అప్పుడలా అనకుండా ఉండాల్సింది” అని రాత్రి పదకొండుకు మొదలైన ఆలోచన రెండింటికీ అక్కడే ఉంటుంది. ఆ మనిషికి మాత్రం తాను సమస్య మీద పని చేస్తున్నట్టే ఉంటుంది. తేడా పట్టుకునే గుర్తు ఒకటుంది. పనికొచ్చే ఆలోచన చివర ఒక క్రియ తేలుతుంది: “రేపు పదింటికి ఫోన్ చేస్తాను”. తిరిగే ఆలోచన చివర మళ్ళీ “ఎందుకు” వస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఈ చక్రాన్ని ఆపే చెయ్యి దొరకదు. అలాగని పక్కన మనిషి ఉంటే చాలదు. ఇద్దరు స్నేహితులు కూర్చుని ఒకే బాధను గంటల తరబడి తిరగేస్తే దగ్గరితనం పెరుగుతుంది, దాంతోపాటు దిగులూ పెరుగుతుందని అమాండా రోజ్ 2002లో పిల్లల్లో గమనించారు.

బైపోలార్, స్కిజోఫ్రీనియా వంటి జబ్బుల్లో, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నప్పుడు, తిండీ నిద్రా పూర్తిగా పోయినప్పుడు ఈ “థెరపీయా, సొంతమా” చర్చే వర్తించదు. అది వెంటనే డాక్టరో హెల్ప్‌లైనో చూడాల్సిన విషయం. ఇంకోటి, థైరాయిడ్ తగ్గినా మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే మందగించిపోతాడు. దాన్ని నిబ్బరమూ తేల్చలేదు, థెరపీ కూడా తేల్చలేదు. రక్తపరీక్ష తేలుస్తుంది.

## థెరపీ చేటు చేసిన సందర్భాలు

థెరపీని వెనకేసుకొచ్చేవాళ్ళు తక్కువగా చెప్పే చరిత్ర ఒకటుంది. 1980లు, 90లలో పెద్ద ప్రమాదం జరిగిన చోటికల్లా నిపుణులు వెళ్ళి, బయటపడ్డవాళ్ళందరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా ఒక్కసారి వివరంగా చెప్పించేవారు. లోపల ఉంచుకుంటే కుళ్ళిపోతుంది, బయటికి కక్కేస్తే తేలికవుతుంది అన్న ఊహ. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. కాలిన గాయాలైనవాళ్ళ మీద జోనథన్ బిస్సన్ బృందం 1997లో దీన్ని పరీక్షించింది. 13 నెలల తర్వాత చూస్తే, అలా చెప్పించినవాళ్ళలో 26 శాతం మందికి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత మనిషిని వెంటాడే మానసిక సమస్య) ఉంది, చెప్పించనివాళ్ళలో 9 శాతం మందికే ఉంది. చెప్పించిన గుంపులో గాయాలు మొదటి నుంచీ కొంత ఎక్కువ తీవ్రంగా ఉన్నాయన్నది నిజమే, కాబట్టి మొత్తం నేరం దాని మీదే మోపలేం. కానీ తర్వాత అధ్యయనాలన్నీ కలిపి చూసినా ఆ పద్ధతి వల్ల మేలు కనిపించలేదు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి సమయంలో చేయమనేది వేరు: భద్రత, నీళ్ళు, నిద్రకు చోటు, అయినవాళ్ళ జాడ చూడండి, చెబితే వినండి, తవ్వి తీయకండి.

ఆప్తులు పోయినప్పటి దుఃఖం కూడా ఇలాంటిదే. చాలామంది, వృత్తిపరమైన సాయం లేకుండానే, తేరుకుంటారని జార్జ్ బొనానో పరిశోధనలు చూపించాయి. వాళ్ళు ఏడవలేదని కాదు, ఏడుస్తూనే బతుకు నడుపుకున్నారు. దుఃఖం మనిషిని అక్కడే కట్టిపడేసినప్పుడే దాన్ని జబ్బుగా చూస్తారు. అందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ కనీసం 6 నెలల గడువు పెట్టింది, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పెద్దలకు 12 నెలలంది. ఆ రెండు గడువుల తేడాలోనే తెలుస్తోంది, గీత ఎక్కడ గీయాలో పండితులకే ఒక్క మాట లేదని.

మొత్తమ్మీద థెరపీలో ఉన్నవాళ్ళలో 5 నుంచి 10 శాతం మంది చేరినప్పటి కంటే దిగజారతారన్నది ఈ రంగంలో తరచూ చెప్పే అంచనా. అందరూ థెరపీ వల్లే దిగజారారని కాదు. కానీ కుదరని థెరపిస్టు, ఏళ్ళ తరబడి గమ్యం లేకుండా సాగే సెషన్లు, ప్రతి నిర్ణయానికీ “వచ్చే వారం అడిగి చెప్తాను” అనే అలవాటు ఉన్నమాటే.

బడిపిల్లల సంగతి మరీ ఆలోచింపజేసేది. బ్రిటన్‌లో 85 బడుల్లో, 8,000 మందికి పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీదే ధ్యాస నిలిపే సాధన) పాఠాలు చెప్పించి చూసిన పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. మామూలు పాఠాల కంటే మేలేమీ కనిపించలేదు. ఆ మరుసటి ఏడు లూసీ ఫౌక్స్, జాక్ ఆండ్రూస్ ఒక ఊహను ముందుకు తెచ్చారు: మానసిక సమస్యల గురించి ఎడతెగకుండా మాట్లాడితే కొందరు మామూలు బెంగను కూడా జబ్బుగా చదువుకుని, అలాగే ప్రవర్తించి, నిజంగానే ఇబ్బంది పెంచుకుంటారేమో అని. ఇది ఇంకా ఊహే. పరీక్ష ముందు రోజు కడుపులో తిప్పడాన్ని యాంగ్జైటీ డిజార్డర్ అని పిలవడం తేలికైపోయిన కాలంలో, కొట్టిపారేయదగ్గ ఊహ మాత్రం కాదు.

## బెంచీ మీద బామ్మలు

ఇంతవరకూ ఒక వైపు ఒంటరి మనిషి, ఇంకో వైపు డిగ్రీలున్న నిపుణుడు అన్నట్టు మాట్లాడుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 97 కోట్ల మంది, అంటే ప్రతి 8 మందిలో ఒకరు, ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. అంతమందికి చాలేటన్ని డిగ్రీలు ఎక్కడా లేవు.

జింబాబ్వేలో సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే ఉన్న రోజుల్లో, 2006లో, డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు హరారేలో ఒక పని మొదలుపెట్టాడు. ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే 14 మంది బామ్మలకు శిక్షణ ఇచ్చి, బయట చెట్టు కింద బెంచీలు వేయించాడు. అక్కడివాళ్ళు షోనా భాషలో ఈ బాధను “కుఫుంగిసిసా” అంటారు, అంటే ఆలోచన ఎక్కువైపోవడం. డిప్రెషన్ అన్న మాటకు బెదిరేవాళ్ళు ఈ మాటకు తలూపుతారు. బామ్మ ముందు అంతా వింటుంది. తర్వాత చిక్కులన్నీ జాబితా వేయిస్తుంది. వాటిలోంచి ఒక్కదాన్ని ఎంచుకోమంటుంది. దానికి ఈ వారం చేయగల పని ఏమిటో ఆ మనిషి నోటితోనే చెప్పిస్తుంది. వారం తర్వాత ఏమైందని అడుగుతుంది. 573 మందితో చేసిన పరీక్ష ఫలితం 2016లో అచ్చయింది: ఆరు నెలల తర్వాత డిప్రెషన్ లక్షణాలు బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో 14 శాతం మందికే మిగిలాయి, మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో 50 శాతం మందికి ఉన్నాయి.

దీన్ని ఏ ఖాతాలో వేస్తాం? శిక్షణ ఉంది, క్రమం ఉంది, వారం వారం సెషన్ ఉంది కాబట్టి థెరపీ అనొచ్చు. నిపుణులెవరూ లేరు, పరిష్కారం బాధపడే మనిషే వెతుక్కున్నాడు కాబట్టి స్వావలంబన అనొచ్చు. కుంగినవాళ్ళ చేత తిరిగి చిన్న చిన్న పనులు మొదలుపెట్టించే పద్ధతిని బ్రిటన్‌లో తక్కువ శిక్షణ ఉన్న సిబ్బందితో చేయించినా, నిపుణుల సీబీటీకి తీసిపోలేదని 2016లోనే ఇంకో పరీక్ష చూపింది.

చాట్‌బాట్‌లతో మనసు విప్పేవాళ్ళు పెరిగాక ఈ ఖాతాల గందరగోళం ఇంకా పెరిగింది. అర్ధరాత్రి రెండింటికి తీర్పు చెప్పకుండా వినేది దొరకడం చిన్న విషయం కాదు. కొత్త విషయమూ కాదు. జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో వెలువరించిన ఎలైజా అనే కంప్యూటర్ ప్రోగ్రాం, మనం అన్న మాటనే ప్రశ్నగా తిప్పి అడిగేది, అంతే. అయినా దానితో మాట్లాడుతూ ఆయన సెక్రటరీయే “మీరు కాసేపు బయటికి వెళ్తారా” అని ఆయన్నే అడిగింది. వినే యంత్రం ఓదార్పు ఇస్తుంది. మనం తప్పించుకుంటున్నదేమిటో పట్టుకుని అడుగుతుందా, లేక మన మాటకే వంత పాడుతుందా అన్న దగ్గర తేడా వస్తుంది.

## మళ్ళీ లిఫ్టు దగ్గరికి

మన మెట్ల ఆమె ఊరికే కూర్చోలేదనుకుందాం. భయపడే పనిని కొద్దికొద్దిగా చేస్తే భయం తగ్గుతుందని ఎక్కడో చదివింది. నిజమే, పానిక్‌కు, అంటే ఇలా ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయానికి, బాగా పనిచేసే పద్ధతుల్లో అదొకటి. రోజూ సాయంత్రం ఒక్క అంతస్తు లిఫ్టులో దిగడం మొదలుపెట్టింది. ఫోన్ చేతిలో పట్టుకుని, వేలు కాల్ బటన్ మీద పెట్టుకుని, తలుపును ఆనుకుని నిలబడి, ఊపిరి లెక్కపెట్టుకుంటూ. పదిహేను సార్లు దిగింది. పదహారోసారి కూడా భయం మొదటిసారి ఉన్నంతే ఉంది. “నా వల్ల కాదు” అన్న నిర్ణయానికి వచ్చి, విసుగెత్తి థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది.

రెండో సెషన్‌లో థెరపిస్టు అడిగిన ప్రశ్న చాలా మామూలుది: “లిఫ్టులో ఉన్నప్పుడు మీ చేతిలో ఏముంటుంది?”

పదిహేను సార్లూ ఆమె మనసు నేర్చుకున్న పాఠం “లిఫ్టు ప్రమాదం కాదు” అని కాదు. “ఫోన్ ఉంది కాబట్టి బతికి బయటపడ్డాను” అని. రక్షణ కోసం పట్టుకున్నదే భయాన్ని కాపాడుతూ వచ్చింది. పానిక్ మీద పనిచేసేవాళ్ళు ఇలాంటివాటిని రక్షణ అలవాట్లు అంటారు, మొదట వెతికేది కూడా వీటినే. పుస్తకం చదివి, తన అలవాటును తానే పట్టుకునేవాళ్ళూ ఉంటారు. ఆమెకు మాత్రం అది కనబడలేదు. మన వీపు మనకు కనబడదు కదా.

ఆ తర్వాత చేయాల్సింది ఆ గదిలో చేసేది కాదు. మూడో వారం ఒక ఉదయం ఫోన్‌ను బ్యాగు అడుగున పడేసి, జిప్పు వేసి, లిఫ్టు ఎక్కి ఏడు నొక్కింది. తలుపుకు దూరంగా వెనక్కి జరిగింది. గుండె కొట్టుకుంటూనే ఉంది. ఖాళీగా ఉన్న చేతుల్ని ఏం చేసుకోవాలో తోచక కట్టుకుని నిలబడింది. నాలుగో అంతస్తులో తలుపులు తెరుచుకున్నాయి. లోపలికొచ్చిన తోటి ఉద్యోగి ఆమెను చూసి, “ఏంటి, ఇవాళ ఎక్సర్‌సైజ్ లేదా?” అన్నాడు.